టూమీ వారి తలుపు

"మూయనంటే మూయను. ఆ గడియ మీద చెయ్యి వేశావంటే, చెయ్యి ఇక్కడే విరిచి పారేస్తాను" అంది నోనీ టూమీ.

డింప్నా చెయ్యి తియ్యలేదు. తల్లికి అరవై దాటాయి, తనకి ముప్పై దాటాయి. ఈ కొట్టులో బీరు పీపాలు దొర్లించీ దొర్లించీ ఇద్దరి చేతులూ గట్టిపడ్డవే. విరవడం అంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు.

"అమ్మా, చచ్చిపోయిన మనిషి."

"మరి మీ నాన్న గుర్రమెక్కి ఊరేగాడా ఈ వీధిలో?"

నోనీ ఒక గ్లాసు ఎత్తి వెలుగులో చూసింది. మచ్చ లేదని తేల్చుకుని అరలో పెట్టింది. ఇంకోటి అందుకుంది. పొద్దుటినుంచీ తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడుస్తోంది.

పైన, కొండ నెత్తిన ఉన్న చర్చిలో జోసీకి పూజ జరుగుతోంది. జోసీ నోనీ మొగుడు కాన్ టూమీకి సొంత అక్క, డింప్నాకి మేనత్త. ఈ పబ్బు మేడ మీద పుట్టి, ఈ పబ్బు బల్లల కింద పాకి, చివరికి ఎదురు పబ్బు మాసీ హెగార్టీకి ఇల్లాలై పోయిన మనిషి. పూజ కాగానే ఆమె శవం ఉన్న పెట్టె ఎక్కించిన బండి ఈ దిగుడు వీధమ్మటే కిందికి వచ్చి, నది దాటి శ్మశానానికి పోవాలి. కార్క్ ఊళ్ళో ఈ గట్టు మీద బతికిన వాళ్ళెవరికైనా ఆఖరి దారి ఇదే.

బండి దిగుతుంటే వీధి పొడుగునా తలుపులు మూస్తారు. రొట్టెల కొట్టు మూస్తుంది, మాంసం కొట్టు మూస్తుంది, పబ్బులు మూస్తాయి. కిటికీ తెరలు దించుతారు. బండి దాటిపోయాక మళ్ళీ తెరుస్తారు. ఆ కాసేపూ వీధి కళ్ళు మూసుకుని నిలబడినట్టుంటుంది. పోయిన మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ అడగరు. తలుపు తెరిచిపెట్టుకుని కూర్చోవడం అంటే, పెట్టె మీద ఉమ్మేసినట్టే.

అయిదేళ్ళ కిందట కాన్ టూమీ పెట్టె ఇదే వీధిలో దిగినప్పుడు అన్ని తలుపులూ మూతపడ్డాయి. ఒక్కటి తప్ప. హెగార్టీ వారి తలుపు బార్లా తెరిచే ఉంది. పెట్టె వెనక నడుస్తున్న నోనీ ఆ తలుపు చూసింది. వీధి వీధంతా చూసింది. పైగా ఆ సాయంత్రమే మాసీ హెగార్టీ తన బల్ల దగ్గర నల్లబీరు పోస్తూ నవ్వుతూ చెప్పాడట: "నేను మూయబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది! సొంత తమ్ముడి మీద ఎంత పగో చూడండి!" ఆ మాట వీధి దాటి ఇవతలికి రావడానికి ఎంతసేపో పట్టలేదు.

ఆ రోజునుంచీ నోనీ కాచుకునే ఉంది.

"అమ్మా, చెల్లి చెప్పేది కాస్త విను" అంటూ ఫిన్‌బార్ మేడ మెట్లు దిగి వచ్చాడు. మెడలో నల్ల టై. మగపిల్లల బడిలో లెక్కల మాస్టారు. ఇవాళ సెలవు పెట్టి వచ్చాడు. "మాంసం కొట్లో పదిమంది ముందు చెప్పావటగా, తలుపు తెరిచే ఉంచుతానని?"

"చెప్పాను. గుసగుసగా చెప్పలేదు కూడా. నీకెవరు మోశారు?"

"మా హెడ్మాస్టరు భార్య."

"ఆవిడ కొనేది పావు కిలో. మోసేది బండెడు."

డింప్నాకి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఈ ఇంట్లో ఒకరి మాటకి నవ్వితే వాళ్ళ పక్షం చేరినట్టు లెక్క.

"అది కాదమ్మా" అన్నాడు ఫిన్‌బార్. "రేపు నేను బడికి వెళ్ళాలి. ఫాదర్ ఎదురుపడతాడు. శవం ముందు తలుపు మూయని వాళ్ళ అబ్బాయి అంటారు నన్ను."

"నీకు నీ బడి గురించే బెంగ. మీ మేనత్త గురించి కాదు."

"అత్త గురించి కూడా" అని అతను తగ్గాడు. బల్ల దగ్గర ఎత్తుపీట లాక్కుని కూర్చున్నాడు. "నాకు బాగా గుర్తమ్మా ఆవిడ. సోమవారం సోమవారం నేలమాళిగలో సీసాలు నింపేవాళ్ళం. నేను బిరడాలు కొట్టేవాణ్ణి, ఆవిడ చీటీలు అంటించేది. ఆఖరి చీటీ నా నుదుటి మీద అంటించి, నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చి ఈ బల్ల మీద కూర్చోబెట్టేది. 'ఇదిగో నాయనలారా, టూమీ వారి సొంత సరుకు, రుచి చూడ్డానికి ఇవ్వబడదు' అనేది."

"రాత్రిళ్ళు చీపురుకర్రతో కింద నుంచి పైకప్పు పొడిచేది" అంది డింప్నా. ఆమెకి గుర్తున్నది అంతే. నాలుగేళ్ళ పిల్ల, పక్క మీద పడుకుంటే చెక్కనేల సందుల్లోంచి పాటలూ పొగాకు వాసనా పైకి వచ్చేవి. తను లేచి నేలకి చెవి ఆనిస్తే, సరిగ్గా ఆ చెవి కిందే టక్ టక్‌మని కర్రపోటు. ఎలా తెలిసేదో ఆవిడకి! "శనివారం పెద్ద గుండిగలో పంది కాళ్ళు ఉడికించేది. నాకు గిట్ట దగ్గరి ముక్క ఇచ్చేది."

"పంది కాళ్ళు నేనూ ఉడికించాను" అంది నోనీ. "ముప్పై ఏళ్ళు ఉడికించాను. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. నెలకోసారి వచ్చే చుట్టం వండింది అమృతం, రోజూ వండేది గంజి."

"ఆవిడ చుట్టమా అమ్మా?" అంది డింప్నా. "ఈ ఇంట్లో పుట్టిన మనిషి."

నోనీ ఇంకో గ్లాసు తుడవడంలో పడింది.

ఎందుకో పిల్లలిద్దరికీ తెలుసు. తాతకి పక్షవాతం వచ్చినప్పటినుంచీ కొట్టు నడిపింది జోసీ. తాత పోయాక మాత్రం లైసెన్సు కాన్ పేరు మీదికి వచ్చింది, మగవాడు కనక. పెయింటరు వచ్చి తలుపు మీద 'సి. టూమీ' అని కాన్ పేరు రాసి నిచ్చెన దిగిన సాయంత్రం, జోసీ ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి, కోటు తొడుక్కుని, నిండా జనం ఉన్న కొట్టులోంచి వీధి తలుపు దాటి వెళ్ళిపోయింది. తర్వాత ఎదురింటికి కోడలైంది. అక్కణ్ణించి రోజూ ఆ పేరు చూస్తూ బీరు పోసింది. పొద్దున్నే ఎవరి గుమ్మం వాళ్ళు ఊడ్చుకునేటప్పుడు వదినా మరదళ్ళు ఎదురుపడేవారు. చీపుళ్ళు మాట్లాడుకునేవి గాని వాళ్ళు కాదు.

ఇంతలో చాటుగది కిటికీ మీద ఎవరో కర్రతో దబదబా కొట్టారు.

బల్ల చివర ఆడవాళ్ళు కూర్చునే చిన్న చాటుగది ఉంది. దానికి బల్ల వైపు జానెడు కిటికీ. అందులో గోబ్నెట్ ముసలమ్మ కూర్చుని ఉంది. కాన్‌కి, జోసీకి పిన్ని; వాళ్ళ అమ్మకి ఆఖరి చెల్లెలు. పడమటి సముద్రపు ఒడ్డున బేరాలో ఒంటరిగా ఉండేది. కిందటి చలికాలం గాలివానకి ఇంటి కప్పు లేచిపోతే, నోనీయే వెళ్ళి కారులో వేసుకుని తెచ్చింది. ముసలమ్మకి చెవుడు. అరిచి చెబితే గాని వినబడదు, అదీ ఇష్టమైతేనే.

"ఏమిటర్రా ఆ గోల? నా వేడి పోర్టు వైను ఏదీ?"

డింప్నా కిటికీ దగ్గరికి వెళ్ళి వంగింది. "చిన్నమామ్మా! జోసీ అత్త బండి వస్తోంది!"

"తెలుసులే. నేనేం పసిపిల్లనా?"

"తలుపు మూద్దామంటున్నాను! అమ్మ వద్దంటోంది!"

"మరి మీ అమ్మ చెప్పిందే కదే సబబు" అంది గోబ్నెట్. "మూస్తారా ఎక్కడైనా?"

నోనీ మొహం విచ్చుకుంది. "విన్నారా? విన్నారా ఇద్దరూ! నా పక్క ఒక్క మనిషైనా ఉంది ఈ కొంపలో. చిన్నత్తా, నీకు పోర్టులో లవంగాలు రెండెక్కువ వేస్తాను ఇవాళ."

"మూడు వెయ్యి" అంది ముసలమ్మ. "పరాయివాళ్ళ పెట్టె పోతుంటే మూస్తాం. అది మర్యాద. మనింటి మనిషి పెట్టె పోతుంటే మూస్తామా? మన పిల్ల మనింటి ముందు నించి పోతూ చూసుకుంటుంది కదా, తన ఇంటి తలుపు తన మొహానే మూసి ఉంటే ఎంత దిగులు పడుతుందో! మా వైపు మట్టి వేసి వచ్చేదాకా రెండు రెక్కలూ బార్లా తీసే ఉంచుతాం. మా అక్క నేర్పలేదా ఈ ఇంట్లో? నేర్పకపోవడమేం, పిల్లలకి నేర్పే ఉంటుంది. ఏదీ నా పోర్టు?"

కెటిల్ వైపు తిరుగుతున్న నోనీ అలాగే ఆగిపోయింది.

"ఏమన్నావు చిన్నత్తా?"

"పోర్టు అన్నాను."

"అది కాదు. తలుపు."

"ఇంటి మనిషికి తలుపు మూయరు అన్నాను. చెవుడు నాకా నీకా?"

కెటిల్ ఉడికిపోతున్నా ఎవరూ దించలేదు.

"మా అత్తగారు పోయినప్పుడు" అని నోనీ మెల్లిగా మొదలుపెట్టింది. ఎవరితోనూ కాదు, ఎదుటి గోడతో అన్నట్టు. "నేను కొత్తగా కాపురానికి వచ్చాను. మా ఊళ్ళో లాగే తలుపు మూయబోయాను. కాన్ కసిరాడు, 'ఉంచు!' అని. పెట్టె భుజం మీద ఉండగా కసిరాడు. జోసీ వదిన వచ్చి రెండో రెక్క కూడా తీసింది. ఆ రోజు బీరు పీపాల బండి రావాలి. తల్లి శవం పోతుంటే కూడా అక్కా తమ్ముళ్ళకి బేరమే ముఖ్యం అనుకున్నాను." ఆమె చేతిలో గుడ్డ నలిగింది. "అదే మాట ఆయన్ని ఎన్నేళ్ళు దెప్పాను! ఒక్కసారైనా, కాదే, సంగతి ఇదీ అని చెప్పలేదు."

"నువ్వు చెప్పనిచ్చి ఉండవు" అన్నాడు ఫిన్‌బార్.

ఇంకో రోజైతే ఆ మాటకి గ్లాసు ఎగిరి ఉండేది. ఇవాళ ఎగరలేదు.

డింప్నా బుర్రలో ఏదో ఒకటొకటిగా అతుక్కుంటోంది. బిరడా సీసాలో దిగినట్టు, మొదట వదులుగా, తర్వాత గట్టిగా. "అమ్మా, నాన్న పోయిన రోజు హెగార్టీ వాళ్ళ తలుపు..."

"తెరిచే ఉంది."

"మన తలుపో?"

నోనీ కూతురి వైపు తిరిగింది. ఆ మొహంలో రంగు లేదు.

"మూసేశాను. నా చేత్తోనే తాళం వేశాను. చావు కబురు రాసిన నల్ల అంచు కార్డు నేనే మేకు కొట్టి తగిలించాను."

ఆ రోజు కాన్ టూమీ కొండ మీంచి నదిదాకా దిగిపోతుంటే, ఈ పొడుగాటి వీధిలో అతని కోసం తెరిచి ఉన్న తలుపు ఒక్కటే. అది అక్కది.

పైన చర్చి గంట మోగింది. పూజ అయిపోయింది.

ముందు కదిలింది ఫిన్‌బారే. లేచి గడియ దగ్గరికి వెళ్ళాడు. "సరే. మనకి తెలిసింది, చాలు. మనసులో దణ్ణం పెట్టుకుందాం. తలుపు మాత్రం మూసేద్దాం."

"ఇప్పుడా?" అంది డింప్నా.

"ఇప్పుడే. చిన్నమామ్మ ఆచారం బేరాలో తెలుసు. ఈ వీధికి తెలీదు. పైగా అమ్మ ముందే దండోరా వేసి కూర్చుంది. తలుపు తెరిచి ఉంటే అందరూ ఏమనుకుంటారు? అన్నంత పనీ చేసింది అనుకుంటారు. అత్తకి మర్యాద చేద్దామని తీస్తే, అది అవమానమే అవుతుంది. నువ్వే కదా ఇందాకటినుంచీ మూయమని పోరుతున్నావు?"

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. అదే డింప్నాకి చిరాకు. అన్నయ్య తప్పు చెబితే కొట్టిపారేయడం తేలిక.

నోనీ బల్ల పలక ఎత్తి ఇవతలికి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి ఎదురు పబ్బు వైపు చూసింది. హెగార్టీ వారి తలుపు మూసి ఉంది. తాళం వేసి ఉంది. నల్ల అంచు కార్డు గాలికి కొట్టుకుంటోంది. మాసీకి తెలిసిన పద్ధతి అదే మరి.

"మూసెయ్ రా ఫిన్‌బార్" అంది నోనీ.

"అమ్మా!"

"పగతో తీద్దామనుకున్న తలుపు డింప్నా అది. నిన్న రాత్రి పడుకుని కూడా అదే ఊహించుకున్నాను, వాళ్ళ మొహాలు ఎలా మాడతాయోనని. ఈ చేత్తోనే ఇప్పుడు మర్యాద ఎలా చేస్తాను?"

"ఉన్నది ఆ చెయ్యే" అంది డింప్నా. "మర్యాదలకి వేరే చెయ్యి ఎవరికీ పెట్టలేదు దేవుడు." ఆమె వచ్చి తల్లికీ గడియకీ మధ్య నిలబడింది. "వీధి ఎక్కడికీ పోదమ్మా. రేపూ ఇక్కడే ఉంటుంది, ఎల్లుండీ ఇక్కడే ఉంటుంది. దానికి తీరిగ్గా చెప్పుకుందాం, కావాలంటే బీరు పోసి మరీ చెబుదాం. జోసీ అత్త ఈ గుమ్మం ముందుకి వచ్చేది ఒక్కసారే."

నోనీ కూతుర్ని ఎగాదిగా చూసింది. ఎప్పుడు ఇంత పెద్దదైంది ఇది, అన్నట్టు. తర్వాత చేతులు వెనక్కి పెట్టి ఏప్రన్ ముడి విప్పింది. జుట్టు సవరించుకుంది. ఆమె నడుము మళ్ళీ నిటారుగా అయింది. కొట్టు మూసే వేళ తాగుబోతుల్ని బయటికి నడిపించేటప్పుడు అయ్యేంత నిటారుగా.

"రెండు రెక్కలూ తియ్యి" అంది. "ఫిన్‌బార్, ఆ బల్లలు గోడవారకి లాగు. నడిచే దారి ఉండాలి."

"అమ్మా, రేపు బళ్ళో..."

"నీ ఉద్యోగం లెక్కలు చెప్పడం. పోయి చెప్పుకో. ముందు బల్లలు లాగు."

బండి వస్తున్నదని చూడక్కర్లేదు, వినబడుతుంది. కొండ పైనుంచి ఒక్కొక్క తలుపే మూతపడుతూ వస్తుంది. ముందు దూరంగా, పుస్తకం మూసినట్టు. తర్వాత దగ్గరగా. రొట్టెల కొట్టు. మందుల కొట్టు. మాంసం కొట్టు ఇనుప తెర గరగరమని దిగింది. ఆ తర్వాత వీధిలో ఇంజను నెమ్మది చప్పుడూ, వెనక నడిచేవాళ్ళ బూట్ల చప్పుడూ తప్ప ఏమీ లేదు.

టూమీ వారి తలుపు రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. గుమ్మంలో నోనీ, ఆమె పక్కన డింప్నా, వెనక సగం చీకట్లో ఫిన్‌బార్.

జనం చూశారు. ముందు వరసలో గుసగుస పుట్టింది, వెనక్కి పాకింది. ఎవరో ఆడమనిషి గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, "సిగ్గులేని మనిషి" అంది, వినబడేలాగే. డింప్నాకి చెవులు వేడెక్కాయి. తల్లి వైపు చూసింది. నోనీ కదల్లేదు.

బండి దాటిపోతుందనుకున్నారు. దాటలేదు. సరిగ్గా టూమీ వారి గుమ్మం ఎదురుగా ఆగింది.

బండి వెనక నుంచి మాసీ హెగార్టీ ముందుకి వచ్చాడు. ఏనుగులాంటి మనిషి. టోపీ చేతిలో పట్టుకుని, కళ్ళు ఎర్రగా.

"అన్న మాట నిలబెట్టుకున్నావు చెల్లెమ్మా" అన్నాడు. "మాంసం కొట్లో చెప్పావు. చేసి చూపించావు. మంచి ఇంటి కోడలివి!"

"లేదు అన్నయ్యా" అంది నోనీ. "ఆ మాట తప్పాను."

"తలుపు తెరిచే ఉంది కదా, ఇంకేం తప్పావు?"

"నాన్నా, ఆగు." జోసీ కూతురు కార్మెల్ వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. ఏడ్చీ ఏడ్చీ గొంతు పోయిన పిల్ల. అయినా ఆ మాటలు వీధికి వినబడ్డాయి. "బండి ఆపమన్నది నేను. అమ్మ చెప్పింది."

"ఏం చెప్పింది? నాకెప్పుడూ చెప్పలేదే?"

"'మీ నాన్న మన తలుపు మూసేస్తాడు, ఆయనకి తెలీదు, ఏమీ అనొద్దు' అంది. 'వెళ్ళేటప్పుడు టూమీ వారి తలుపు చూడు. మూసి ఉంటే ఆగకుండా పోనియ్యి. తీసి ఉంటే మాత్రం నన్ను ఒక్కసారి మా ఇంట్లోకి తీసుకెళ్ళు' అంది. ఎందుకమ్మా అని అడిగితే, 'మా అమ్మ వైపు వాళ్ళ పద్ధతి అంతేలే' అంది."

"ఇంటి మనిషి పెట్టెకి తలుపు మూయకూడదట మామయ్యా" అంది డింప్నా. "బేరాలో ఆచారం. మాకూ ఇప్పుడే, ఇందాకే తెలిసింది. మా నాన్న పోయిన రోజు అత్త చేసింది అదే."

మాసీ చేతిలో టోపీ గుండ్రంగా తిప్పాడు.

"ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది" అన్నాడు ఆఖరికి. "కాన్ బండి దాటిపోయేదాకా తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఏడ్చింది. కోపం పట్టలేక ఏడుస్తోందనుకున్నాను. అదే నలుగురికీ నవ్వుతూ చెప్పాను. ఈ అయిదేళ్ళూ నోరు విప్పి కాదనలేదే ఆ మనిషి! వీళ్ళ వంశమే అంత. చెప్పరు."

పెట్టె దింపడానికి హెగార్టీ కుర్రాళ్ళు ముందుకి వచ్చారు. ఎవరూ చెప్పకుండానే ఫిన్‌బార్ నల్ల టై సరిచేసుకుంటూ వీధిలోకి దిగి, పెట్టె ముందు మూల కింద భుజం పెట్టాడు. హెడ్మాస్టరు భార్య అవతలి వైపు నుంచి చూస్తూనే ఉంది. అతను అటు చూడలేదు.

జోసీ ఇంట్లోకి వచ్చింది. ఒకప్పుడు ఏ బల్ల మీద ఏప్రన్ విప్పి పెట్టిందో, ఆ బల్ల పక్కనే కుర్చీల మీద పెట్టె దింపారు. చాటుగది కిటికీలోంచి గోబ్నెట్ తొంగి చూసింది.

"వచ్చావా తల్లీ" అంది ముసలమ్మ, రోజూ వచ్చే మనిషిని పలకరించినట్టు. "చాలా ఆలస్యం చేశావు."

అప్పుడు ఏడ్చారు లోపల అందరూ.

బయట మాసీ మాత్రం గడప ఇవతలే నిలబడిపోయాడు. నోనీ అతని కోసం పక్కకి జరిగింది. "రా అన్నయ్యా. లోపలికి రా."

"రాను."

"ఇంకా ఏమిటి కోపం? నిజం తెలిసింది కదా."

"సగం తెలిసింది." మాసీ గొంతు పెద్దది కాలేదు. అయినా మూసిన తలుపుల వెనక ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా ఉంది. "చచ్చాక తీశారు తలుపు. సంతోషం. బతికుండగా మూసిందెవరో చెప్పు చెల్లెమ్మా. అప్పుడొస్తాను."

"అత్త తనంతట తనే వెళ్ళిపోయింది కదా మామయ్యా" అంది డింప్నా. "కోటు తొడుక్కుని, అందరూ చూస్తుండగా."

"వెళ్ళింది. మళ్ళీ వచ్చింది."

"ఎప్పుడు?"

"ఆ ఆదివారమే. వీధంతా పూజలో ఉన్నప్పుడు. అప్పటికి నన్ను పెళ్ళాడే ఊసే లేదు దానికి. చేతిలో బట్టల పెట్టెతో, సిగ్గు చంపుకుని వచ్చి ఈ తలుపే తట్టింది. లోపల అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చిందట. తీస్తారనుకుందట. గడియ తియ్యలేదు. పై గడియ కూడా వేశారు. ఆ చప్పుడు విని వెనక్కి తిరిగింది. నాకు పెళ్ళైన కొత్తలో ఒక్కసారి చెప్పింది. ఎవరి అడుగులో మాత్రం చెప్పలేదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు."

డింప్నా ఈ మాట పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వినలేదు. లోపలినుంచి ఫిన్‌బార్ కూడా గుమ్మం దాకా వచ్చాడు. అతని మొహం చూస్తే అతనూ వినలేదని తెలుస్తోంది. ఆ రోజు ఈ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఇద్దరే. ఒకరు అయిదేళ్ళుగా మట్టిలో ఉన్నారు.

నాన్న పేరు చెబితే సరిపోతుంది, అనిపించింది డింప్నాకి. ఒక్క మాట. కాదనడానికి నాన్న లేడు, అత్త లేదు. మాసీ తల ఊపి లోపలికి వస్తాడు, వీధి తలుపులు తెరుచుకుంటాయి, అంతా సవ్యంగా ముగిసిపోతుంది. ఆ సంగతి తల్లికీ తట్టిందని ఆమె కళ్ళు చూస్తేనే తెలిసింది.

"డింప్నా, నువ్వు లోపలికి పో" అంది నోనీ.

"పోను."

"ఫిన్‌బార్, చెల్లెల్ని తీసుకుని నువ్వూ పో."

ఫిన్‌బార్ కదల్లేదు.

నోనీ ఇద్దర్నీ ఒకసారి చూసింది. తల దించుకోలేదు. లోపల కుర్చీల మీద ఉన్న పెట్టె వైపు కూడా చూసింది, ఎవరినో సలహా అడిగినట్టు. ఆ తర్వాత గడప దిగి, వీధి నడిమధ్యకి వచ్చి నిలబడి, అందరికీ వినబడేలా అంది: "ఆ పై గడియ వేసింది నేనే అన్నయ్యా."